నైరుతి బరువు

మా పడకగదిలోకి కొత్తగా వచ్చినవాళ్ల కళ్లు ముందు మంచం మీద పడవు, మూలనున్న రాళ్ల మీద పడతాయి. నల్ల గ్రానైటు పలకలు ఒకదాని మీద ఒకటి మోకాలెత్తున పేర్చి ఉంటాయి. వాటి పక్కన ఒక తిరగలి, దాని పక్కన బోర్లించిన రోలు, ఆ వెనక పాత దుప్పటి కప్పిన ఒక చిన్న మిషను. ఎవరైనా అడిగితే ఇల్లు కట్టగా మిగిలిన సామాను అంటాను. వాళ్లు నమ్మరు. ఇల్లు కడితే రోలు ఎట్లా మిగులుతుంది? అయినా మర్యాదకు తలూపి హాల్లోకి వెళ్లిపోతారు. అసలు సంగతి చెప్పాలంటే లేత్ దగ్గర మొదలుపెట్టాలి. చుట్టాలకు అంత ఓపిక ఉండదు.

నేను తిరుపతిలో ఒక కాలేజీలో ఫిజిక్సు చెప్పి రిటైరయ్యాను. రిటైరైన నా తోటివాళ్లు కొందరు ప్లాట్లు అమ్మించే పనిలో పడ్డారు, కొందరు భక్తిలో పడ్డారు. నేను లేత్ కొన్నాను. ఇనుప కడ్డీనో ఇత్తడి ముక్కనో బిగించి గిరగిరా తిప్పుతుంటే, పదునైన టూలుతో మనకు కావలసిన ఆకారానికి చెక్కుకునే మిషను అది. నాది బల్ల మీద పెట్టుకునే రకం, కుట్టుమిషను కంటే కాస్త పెద్దది. మా ఇల్లు తూర్పు ముఖం. స్థలానికి ఈశాన్యం మూల బోరు, బోరు పక్కన రేకుల షెడ్డు. ఆ షెడ్డే నా వర్క్‌షాపు. అందులో ఇత్తడి కుంకుమ భరిణెలు చేసేవాణ్ణి. మూత మరతో బిగుసుకునేటట్టు, లోపలి మర పైమరలో మెత్తగా దిగేటట్టు చేయడం నాకు సరదా. మా బంధువుల్లో నా భరిణె లేని ఆడమనిషి లేదు. కొందరికి రెండేసి ఉన్నాయి, వద్దన్నా ఇచ్చాను.

ఒక ఎండాకాలం ఆ షెడ్డులోనే నాకు గుండెపోటు వచ్చింది. చేతిలో సగం చేసిన భరిణె, ఎడమ దవడలో నొప్పి. పళ్ల నొప్పి అనుకుని కాసేపు అట్లాగే పని చేశాను. నీళ్లు ఇవ్వడానికి వచ్చిన నా భార్య నా ముఖం చూసి ఒక్క మాట అడక్కుండా ఆటో పిలిచింది. ఆసుపత్రిలో రెండు స్టెంట్లు వేశారు. నాకు ఆ రోజు గురించి పెద్దగా గుర్తు లేదు. పైకప్పు లైట్లు, నర్సు గొంతు, అంతే.

నేను లోపల ఉన్నప్పుడు బయట జరిగింది తర్వాత తెలిసింది. మా బావ, అంటే నా భార్య అన్న, ఐరాల నుంచి వచ్చాడు. వ్యవసాయం మనిషి, ఏ పనైనా ఆ పూటకే తేల్చేస్తాడు. చెల్లెలు ఆసుపత్రి మెట్ల మీద ఏడుస్తుంటే ఓదార్చడం చేతకాక, మా ఇంటికి వాస్తు చూసే ఆయన్ని తీసుకెళ్లాడు. ఆయన ఇల్లంతా తిరిగి షెడ్డు ముందు నిలబడ్డాడట. మిషను కింద, గోడ పొడుగునా, నేను చిత్తూరు నుంచీ చెన్నై నుంచీ ఏరుకొచ్చి దాచుకున్న ఇనుప కడ్డీలు పేర్చి ఉన్నాయి.

"ఈశాన్యంలో ఇనుము పెట్టుకుంటే యజమాని గుండె మీద పెట్టుకున్నట్టే సామీ" అన్నాడట ఆయన.

మా బావ ఆ సాయంత్రమే పాత ఇనుము వాణ్ణి పిలిచి మొత్తం తోలించేశాడు. మిషను చిన్నది, పర్వాలేదు అన్నారు కాబట్టి అది మిగిలింది. నేను ఇంటికి వచ్చేసరికి షెడ్డు పెళ్లైపోయిన ఇంటిలా బోసిగా ఉంది. గుండె జబ్బు మనిషికి కోపం రాకూడదంటారు. నాకు చాలా కోపం వచ్చింది. నా భార్య మాత్రం ఆ రోజు నుంచీ గట్టిగా నమ్మింది. ఇనుము బయటికి పోయిన సాయంత్రమే నేను కళ్లు తెరిచి ఆమెను పేరు పెట్టి పిలిచానట. స్టెంట్లు వేసింది ఆ పొద్దున కదా అంటే, "అదీ నిజమే, ఇదీ నిజమే" అంటుంది. 

కోలుకున్నాక పొద్దున్నే అలిపిరి దాకా నడిచి రావడం అలవాటు చేసుకున్నాను. నడిచేటప్పుడు మనిషికి పనికిమాలిన ఆలోచనలు వస్తాయి. నాకు ఆవిరి ఇంజను ఆలోచన వచ్చింది. ఉద్యోగమున్నంత కాలం బోర్డు మీద సుద్దముక్కతో ఆవిరి ఇంజను గీశాను. పిస్టను ఇక్కడ, వాల్వు ఇక్కడ, ఫ్లైవీలు ఇటు తిరుగుతుంది అని బాణం గుర్తు పెట్టేవాణ్ణి. ఆ బాణం గుర్తు ఒక్కసారి కూడా తిరగలేదు. బతికి బయటపడ్డాను గదా, ఒక్క ఇంజనైనా నిజంగా తిరిగేది చేద్దామని పట్టుకుంది నాకు. చెక్క అచ్చు నేనే చేసి, ఇనుము పోత పోసేచోట ఇచ్చి, అన్నం పళ్లెమంత ఫ్లైవీలు పోయించాను. తీసుకొచ్చి చిన్న లేత్‌కు బిగించబోతే దాని అంచు మిషను కింది పట్టాకు తగిలి ఆగిపోయింది. ఎటు తిప్పి పెట్టినా అంతే. ఆటోనగర్లో ఇస్తే ఒక పూటలో చేసిచ్చేస్తారు. నాకు అక్కర్లేదు. వేరేవాడు చేసిచ్చిన చక్రం తిరిగితే నాకేం, తిరక్కపోతే నాకేం?

అట్లా పెద్ద లేత్ మీద కన్ను పడింది. చిత్తూరులో ఒక వర్క్‌షాపు యజమాని కంప్యూటరుతో నడిచే మిషన్లు తెప్పించుకుని, పాతది అమ్ముతున్నాడని తెలిసింది. మేము ఐరాలలో ఒక పేరంటానికి పోయి వస్తూ అక్కడ ఆగాం. ఆరడుగుల మిషను. ఆరడుగులంటే టూలు జారే పట్టా పొడవు మాత్రమే, తలాతోకా కలిపితే ఇంకా ఎక్కువ. దాని పట్టా మీద అరచేయి పెట్టి ఈ చివరి నుంచి ఆ చివరి దాకా జరిపాను. ఎక్కడా గుంట తగల్లేదు. నా ముఖంలో ఏం కనిపించిందో, యజమాని అప్పుడే టీ చెప్పాడు.

నా భార్య అప్పటిదాకా గుమ్మం దగ్గర చీర కుచ్చిళ్లు పైకి పట్టుకుని నూనె మరకలు తగలకుండా నిలబడి ఉంది. లోపలికి వచ్చి ఒక్క ప్రశ్న అడిగింది.

"ఇది ఎంత బరువుంటాదన్నా?"

ఆయన పొంగిపోయాడు. "టన్నుకు కొంచెం తక్కువమ్మా. పాతకాలం పోత. ఇప్పుడు ఇంత బరువు ఎవుడూ పొయ్యడు. మీ సార్ గుద్దినా, గునపం పెట్టి కుళ్లగించినా కదలదు ఇది."

అమ్మేవాడు సరుకును మెచ్చుకోవడం మామూలే. ఆ మెప్పుతోనే నా బేరం చెడిందని ఆయనకు తెలియదు.

కారులో చంద్రగిరి దాటాక ఆమె రోడ్డు వైపే చూస్తూ చెప్పింది.

"నేను ఆ మెట్ల మీద మళ్లీ కూర్చోలేను."

నేను లెక్చరర్ని. సూర్యుడి నుంచి మొదలుపెట్టాను. బరువనేది భూమి లాగడమని, షెడ్డులో మిషను బరువు షెడ్డు కింద నేల మోస్తుందని, నా గుండెకూ దానికీ సంబంధం ఉండటానికి మధ్యలో తాడు లేదని చెప్పాను. ఆమె అంతా విన్నది. బాగా వింటుంది, అదే ఆమెతో ఇబ్బంది.

"మీకు తెలిసింది మీకు తెలుసు" అంది. "ఆ పొద్దు మీరు లోపల ఉండారు, నేను బయట ఉండాను. బయట ఎట్లుంటాదో మీకు తెలీదు."

మరో చోట పెట్టుకోమంటే చోటు లేదు. ఆగ్నేయం వంటిల్లు, వాయవ్యంలో బట్టలుతికే బండ, సెప్టిక్ ట్యాంకు. నైరుతి మా పడకగది. తూర్పున కారు. ఉన్నది ఆ ఈశాన్యం షెడ్డు ఒక్కటే. ఆమెకు దిక్కుల మీద ఉన్నది మొండితనం కాదు, భయం. అది నాకు తెలుసు. తెలిసినంత మాత్రాన నాకు లేత్ మీద ఆశ పోలేదు. రెండూ ఒకే ఇంట్లో ఉన్నాయి, అంతే.

నేను షెడ్డులోకి పోవడం మానేశాను. అలిగానని ఒప్పుకోలేదు గానీ అలిగాను. వరండాలో కూర్చుని పేపరు మొదటి నుంచి చివరి దాకా, టెండరు నోటీసులతో సహా, చదివేవాణ్ణి. మళ్లీ వెనక నుంచి ముందుకు చదివేవాణ్ణి. ఫ్లైవీలు టీపాయి కింద పడి ఉండేది. పనిమనిషి దాన్ని రోజూ శ్రద్ధగా తుడిచేది. ఇట్లా కొన్ని వారాలు గడిచాయి. ఒక పొద్దున నా భార్య ఇడ్లీ పళ్లెం నా ముందు పెట్టి, "తెచ్చుకోండి ఆ మిషను" అంది.

నేను ఎందుకని అడగలేదు. గెలిచినవాడు ఎందుకు గెలిచానని అడగడు.

లేత్ వచ్చిన రోజు మా వీధికి తిరునాళ్లు. హైడ్రా క్రేను వచ్చి గోడ మీదుగా దాన్ని ఎత్తి లోపలికి దించింది. అక్కడి నుంచి ఇనుప పైపుల మీద దొర్లించి షెడ్డులోకి నెట్టారు. నేను చేయి వేయకూడదని నా భార్య ముందే అందరికీ చెప్పింది కాబట్టి, నన్ను కుర్చీలో కూర్చోబెట్టి నా మిషనును వాళ్లు నెట్టారు. పెళ్లికొడుకులా కూర్చుని చూశాను. ఆమె లేత్ కాళ్ల కింద నిమ్మకాయలు పెట్టింది, పసుపు రాసి కుంకుమ పెట్టింది, కొబ్బరికాయ కొట్టింది. మర్నాడు నేను రసమట్టం పెట్టి నాలుగు కాళ్ల కింద రేకు ముక్కలు దూర్చుతూ బుడగ నడిమికి వచ్చేదాకా తంటాలు పడ్డాను. ఒక కాలి కింద నిమ్మకాయ తొక్క ఇరుక్కుని ఉంది. తీసేసి, ఎందుకైనా మంచిదని దాన్ని అక్కడే పక్కన పెట్టాను.

ఆ వారంలోనే పడకగదిలో సామాను పెరగడం మొదలైంది. ముందు మా బావ టెంపోలో ఐరాల నుంచి రోలు పంపాడు. వాళ్ల పాత ఇంటి రోలు, ఇద్దరు మనుషులు మోయలేక మోయలేక తెచ్చారు. వంటింట్లోకి కదా అనుకున్నాను, మంచం పక్కకు పోయింది. తర్వాత తిరగలి. తర్వాత మంచం కింద బియ్యం మూటలు. ఎలుకలు వస్తాయంటే, "రానీలే, అవీ బరువే గదా" అని నవ్వింది. నాకు అర్థం కాలేదు. లేత్‌తో కాపురం కొత్త, నేను వేరే ఏదీ పట్టించుకునే స్థితిలో లేను.

ఒక రోజు మధ్యాహ్నం కునుకు తీసి లేస్తూ కాలు కింద పెట్టాను. బొటనవేలు రాయికి తగిలి కళ్లలో నీళ్లు తిరిగాయి. చూస్తే గ్రానైటు పలకలు. నేను షెడ్డులో ఉండగా ఎప్పుడో తెప్పించి పెట్టించింది. నాకు కోపం తలకెక్కింది.

"ఇది పడకగదా, రాళ్ల క్వారీయా?"

ఆమె తలుపు దగ్గర నిలబడి, నేను అరవడం ఆపేదాకా ఆగింది. ఆగి చెప్పింది. నేను పేపరు చదువుతూ కూర్చున్న రోజుల్లో ఆ వాస్తు ఆయన దగ్గరికి తనే పోయిందట. మా ఆయనకు ఆ మిషను కావాల, నాకు మా ఆయన కావాల, దారి చెప్పమని అడిగిందట. ఈశాన్యంలో బరువు పెట్టక తప్పదంటే నైరుతిలో అంతకంటే ఎక్కువ పెట్టుకోమన్నాడు, ఒక్క తులమైనా సరే ఎక్కువుండాల అన్నాడు.

"ముందు బియ్యం తెచ్చినా. బియ్యం తింటాం గదా, తగ్గిపోతా ఉండాది. రాయైతే తినం."

నేను బొటనవేలు పట్టుకుని మంచం మీద కూర్చున్నాను. టన్ను ఇనుముకు సరితూగేంత బరువును ఈ మనిషి మూటమూటగా, రాయి వెంట రాయిగా, నా తల పక్కన పేరుస్తోంది. నేను గెలిచానని అనుకుంటున్న ఆ నెలంతా చేసింది ఇదే. 

"ఇంకా ఎంత కావాల్నో తెలవడం లేదు" అంది. "లెక్క మీకొస్తాది గదా. ఉండేది ఉన్నట్టు చెప్పండి."

టేపు తీసుకొచ్చాను. పలకల పొడవు, వెడల్పు, మందం కొలిచాను. గ్రానైటు సాంద్రత నాకు నోటికి వచ్చు, ఎన్ని బ్యాచులకు చెప్పానో. రోలు గుంట తీసేసి లెక్క కట్టడం కొంచెం కష్టమైంది. అందులో నీళ్లు పోసి కొలిచాను. ఆమె చెంబుతో పోస్తుంటే నేను గుర్తు పెట్టుకున్నాను. సాయంత్రం దాకా పట్టింది. ఒక రకంగా అది నా జీవితంలో అందరికంటే శ్రద్ధగా విన్న స్టూడెంటుతో చేసిన ప్రాక్టికల్. సరిపోయింది అని ఒక మాట అనేస్తే ఆమె నమ్మేది. నోరు రాలేదు. కాస్త తక్కువైంది, రెండు బియ్యం మూటలంత అని చెప్పాను.

మర్నాడు సూళ్లూరుపేట నుంచి ఒకతను నా పాత చిన్న లేత్ కొనడానికి వస్తానన్నాడు. అక్కడ ఏదో ఫ్యాక్టరీలో చేస్తాడు, ఇంట్లో పెట్టుకుంటాడట. నేను దాన్ని తుడిచి నూనె పెట్టి సిద్ధం చేశాను. షెడ్డులో రెండింటికి చోటు లేదు, ఇచ్చేయక తప్పదు. భరిణెలన్నీ దాని మీద చేసినవే. గుండె నొప్పి వచ్చినప్పుడు కూడా దాని పిడే పట్టుకుని నిలబడ్డాను. దాన్ని అమ్మడం నాకు ఇష్టం లేదు. ఆ మాట ఎవరితోనూ అనలేదు, పెద్ద మిషను తెచ్చుకుని చిన్నదానికీ ఏడిస్తే బాగుండదు కదా.

అతను వచ్చి, తిప్పి చూసి, నచ్చిందని చెప్పి, ఎత్తడానికి ఒక చేయి వేశాడు. "చిన్నదే గానీ భలే బరువుంది సార్" అన్నాడు.

నా భార్య కాఫీ గ్లాసులతో గుమ్మంలో ఆగిపోయింది. నా వైపు చూసింది. నేను ఆమె వైపు చూశాను.

"ఎంతుంటాది?" అంది.

"రెండు బియ్యం మూటలు" అన్నాను.

"అన్నా, ఏమీ అనుకోవాకు. దీన్ని మేము ఇయ్యం" అని ఆమె అతనికి కాఫీ ఇచ్చింది. పాపం, అంత దూరం రైల్లో వచ్చిన మనిషి. మధ్యాహ్నం భోజనం పెట్టి, ఒక కుంకుమ భరిణె ఇచ్చి పంపించాం. పోయేముందు అతనే ఒక పక్క పట్టుకుని ఆ మిషనును మా పడకగదిలో దించి వెళ్లాడు. ఏమనుకున్నాడో అడగలేదు.

తర్వాత ఫ్లైవీలు పెద్ద లేత్‌కు బిగించాను. ఎక్కడా తగలకుండా తీరిగ్గా తిరిగింది. మొదటి కోత పెట్టగానే పోత ఇనుము నల్లటి రజనుగా రాలింది. నా భార్య గుమ్మంలో నిలబడి చూసి, "ఈ రజను యాడ పోస్తారు?" అని అడిగింది. పాత ఇనుము వాడికి అన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది. ఈశాన్యంలో రాలిన ప్రతి రజనూ ఇప్పుడు గోతంలోకి పోతుంది, గోతం మంచం కిందికి పోతుంది. అట్లా అయితే అక్కడ తగ్గినంత ఇక్కడ పెరుగుతుందని ఆమె లెక్క. ఆ లెక్కలో తప్పు లేదు, రెండుసార్లు చూశాను.

మొన్న డాక్టరు దగ్గరికి పోతే గుండె బాగుంది అన్నాడు. నేను మాత్రలు, నడక అనుకున్నాను. ఆమె ఏమనుకుందో నాకు తెలుసు. ఇద్దరం ఆటో ఎక్కాం.

ఇంజను ఇంకా పూర్తి కాలేదు. సిలిండరు పోత లేత్‌కు పట్టాలంటే నాలుగు దవడలూ విడివిడిగా కదిలే పెద్ద చక్కు కావాలి. చక్కు అంటే లేత్‌లో ముక్కను పట్టుకునే పిడికిలి. నిన్న బజారుకు పోయి ఒకటి కొన్నాను. కొట్టువాడే దాన్ని ఆటోలో పెట్టాడు. బుట్టెడు మామిడికాయలంత బరువుంది. బైపాసు మీద గ్రానైటు షాపుల వరస కనిపించేసరికి, నా నోట్లోంచి నాకు తెలియకుండానే మాట వచ్చింది. ఆటో ఆపమన్నాను.

షాపతను బయటికి వచ్చి, "వంటింటి గట్టుకా సార్? ఏం సైజు కావాల?" అన్నాడు.

"సైజు ఏదైనా పర్లేదప్పా. దీనికంటే కొంచెం బరువుండాల" అని చక్కు చూపించాను.

అతను నన్నూ చక్కునూ ఒకసారి చూసి, వెనక్కిపోయి విరిగిన పలక ఒకటి తీసుకొచ్చాడు. రెండూ కాటా మీద పెట్టి చూశాం. ఇంటికి వచ్చాక ఆటో అబ్బాయి ముందు చక్కును షెడ్డులో పెట్టాడు, తర్వాత రాయిని మోసుకుంటూ లోపలికి వచ్చాడు. నా భార్య టీవీ ముందు చిక్కుడుకాయలు ఒలుస్తూ కూర్చుని ఉంది. రాయిని చూసింది, షెడ్డు వైపు చూసింది, చివరికి నన్ను చూసింది. 

"ఎక్కువే గదా?" అంది.

"ఎక్కువే" అన్నాను. "తూచి తెచ్చినా."

ఆమె చిక్కుడుకాయల గిన్నె పక్కన పెట్టి, లేచి, పడకగది తలుపు పూర్తిగా తెరిచి పట్టుకుంది.